చెట్టు పేరు చెప్పకుండా కాయలమ్మేవాళ్లు

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లంటే మనకి చులకన. ఇప్పుడు చూస్తే వాళ్లే నయమనిపిస్తోంది. పేరైనా చెప్పారు కదా! చాట్‌జీపీటీ, జెమినీ, పర్‌ప్లెక్సిటీ, గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూస్ అంటూ జవాబుల దుకాణాలు తెరిచాక కొత్త పద్ధతి మొదలైంది. ఎవరో కష్టపడి రాసిన వెబ్ పేజీలోంచి విషయం తీసుకుంటారు. కొన్నాళ్లు జవాబు పక్కన ఆ పేజీ లింకు చూపిస్తారు. తర్వాత ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆ లింకు ఎత్తేస్తారు. విషయం మాత్రం జవాబులో అలాగే ఉంటుంది. రాసినవాడికి కబురు రాదు, చదివేవాడికి అనుమానం రాదు. మార్కెటింగ్‌వాళ్ల లెక్కలో ఇది ‘విజిబిలిటీ’ సమస్య. నా లెక్కలో ఎగవేత.

దివిసీమలో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసినవాళ్లలో బతికున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, తెలుగులో ఒక పేజీగా పెట్టారు. ప్రకటనల్లేవు, చందాల్లేవు. ఏటా సర్వర్ అద్దె ఆయన పెన్షన్‌లోంచే పోతుంది. ఆ పేజీలో ఒక సంగతి ఉంది: వాళ్ల ఊరి బడి గోడ మీద ఉప్పెన నీళ్లు నిలిచిన చార ఉండేదని, ఆ తర్వాత గోడకి సున్నం వేసినప్పుడల్లా ఆ చార మేరకు వదిలేసి పైనా కిందా వేసేవారని. ఒక ముసలాయన చెబితే మాస్టారు రాసుకున్న మాట అది. నేను వెతికినంత మేర ఇంకెక్కడా లేదు.

ఒక ఏఐని తెలుగులో దివిసీమ ఉప్పెన గురించి అడిగితే మొదట్లో ఆ సంగతి చెప్పి, పక్కన మాస్టారి పేజీ లింకు ఇచ్చేది. కొన్ని నెలల తర్వాత అదే ప్రశ్న అడిగాను. జవాబులో ఇలా ఉంది: కొన్ని పాఠశాలల గోడలపై నీటి చారలను సున్నం వేయకుండా జ్ఞాపకంగా ఉంచారట. ఒక ఊరి బడి కాస్తా ‘కొన్ని పాఠశాలలు’ అయింది. పక్కన లింకు ఉంది, కానీ అది పర్యాటకుల కోసం ఎవరో ఇంగ్లిష్‌లో పెట్టిన పేజీది. తెరిచి పైనుంచి కిందిదాకా చదివాను. అందులో బడి లేదు, గోడ లేదు, సున్నం లేదు. హంసలదీవికి ఎలా వెళ్లాలో మాత్రం ఉంది.

మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. “పోనీలెండి, నా పేరు పోతే పోయింది. మాట ఉందిగా,” అన్నారు. “మాట కూడా లేదు మాస్టారూ, మార్చేశారు,” అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. “మరి ఎవరికి చెప్పాలండీ?” అని అడిగారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఎవరికీ చెప్పడానికి లేదు.

లింకు ఎందుకు పోతుందో చూద్దాం, ఎందుకంటే ఈ కంపెనీల తప్పించుకునే దారులన్నీ అక్కడే ఉన్నాయి. మనం ఒక ప్రశ్న అడిగితే యంత్రం దాన్ని లోపల నాలుగైదు చిన్న ప్రశ్నలుగా విడగొట్టుకుని వెతుకుతుంది. దొరికిన పేజీల్లోంచి పేరాలు ఏరి, వాటిని ముందు పెట్టుకుని జవాబు అల్లుతుంది. ఏ వాక్యానికి ఏ లింకు తగిలించాలో కూడా అదే తేలుస్తుంది. ఈ దారిలో ఎక్కడ ఏది కదిలినా లింకు రాలిపోవచ్చు. కంపెనీ పాత మోడల్ తీసి కొత్తది పెట్టి ఉండొచ్చు. వెతకడానికి వాడే సూచిక మారి ఉండొచ్చు. పేజీలు ఏరుకోవడానికి కంపెనీ పంపే ప్రోగ్రాము, అంటే బాట్, వచ్చిన రాత్రి మీ సర్వర్ మొరాయించి ఉండొచ్చు. మీ సైటుకి కాపలా కాసే కంపెనీ ఏఐ బాట్లని గుమ్మంలోనే ఆపి ఉండొచ్చు. అలా కాపలా కాసే క్లౌడ్‌ఫ్లేర్ 2025 జులై నుంచి కొత్త సైట్ల విషయంలో అలా ఆపడాన్నే మామూలు పద్ధతిగా పెట్టింది. లేదా మీ పేజీని చూసి రాసిన ఇంకో పేజీ కొత్త తేదీతో, ఇంగ్లిష్‌లో, ముస్తాబై ముందుకొచ్చి ఉండొచ్చు. ఇన్నింట్లో మీ విషయంలో జరిగింది ఏదో బయటినుంచి కనిపెట్టడం దాదాపు అసాధ్యం. లోపలివాళ్లకి తెలుసు. వాళ్లు చెప్పరు.

పైగా ఈ జవాబులు ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రావు. అదే ఫోన్‌లో అదే ప్రశ్న టీ తాగి వచ్చి మళ్లీ అడగండి, లింకులు మారతాయి. కొన్నిసార్లు యంత్రం అసలు వెబ్ వెతకదు. శిక్షణలో మింగిన దాన్నే నెమరేసి చెబుతుంది, అప్పుడు లింకే ఉండదు. కాబట్టి ఫలానా తేదీన మాస్టారి పేజీని మానేశారు అని తేదీ వేసి చెప్పడం కుదరదు. అడిగిన పదిసార్లలో ఏడుసార్లు కనిపించే పేరు ఒక్కసారికి పడిపోయిందా అని చూడాలి. అంటే వారాల తరబడి, ఒకే మాటలతో, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ, ఒక్కో యంత్రాన్నీ విడిగా అడుగుతూ రాసి పెట్టుకోవాలి. పెన్షన్ మీద బతికే మనిషి ఈ పని చెయ్యాలా? తన మాట ఎవరు వాడుకుంటున్నారో తెలుసుకోవడానికి తనే కాపలా కూర్చోవాలా?

ఈ కాపలాని అమ్మే వ్యాపారం అప్పుడే పుట్టింది. నెలకి ఇన్ని డాలర్లు కట్టండి, మీ పేజీని ఏఐలు ఎప్పుడు ఉదహరించాయో, ఎప్పుడు మానేశాయో ట్రాక్ చేసి చెబుతాం అంటారు. రంగుల గ్రాఫ్, కిందికి చూసే ఎర్ర బాణం, ‘గత నెలతో పోలిస్తే’ అంటూ ఒక శాతం. ఆ శాతం ఎక్కడిది? జనం నిజంగా ఏం అడుగుతున్నారో వీళ్లకి తెలియదు. ఆ సమాచారం ఏఐ కంపెనీల దగ్గర ఉంది, వాళ్లు బయట పెట్టరు. కాబట్టి వీళ్లే కొన్ని ప్రశ్నలు ఊహించి, వాటినే మళ్లీ మళ్లీ అడిగి, వచ్చిన లింకులు లెక్కపెడతారు. కొందరు యాప్‌ని అడగరు, ప్రోగ్రాములు వాడుకునే దొడ్డిదారిన అడుగుతారు. అక్కడొచ్చే జవాబూ మామూలు మనిషి ఫోన్‌లో చూసే జవాబూ ఒకటి కాదు. ఇక తెలుగు ప్రశ్నల మాట ఎత్తితే డెమో ఇచ్చే కుర్రాడు మైకు మ్యూట్ చేసుకుంటాడు.

లెక్క అరకొర అయినా సహించొచ్చు. ఆ లెక్క చూపించి ఇచ్చే సలహాలకే నాకు ఒళ్లు మండుతుంది. పేజీ తాజాగా ఉండాలట. మూడు నెలలకోసారి తేదీ మార్చాలట. పైన నాలుగు ముక్కల్లో సారాంశం పెట్టాలట, కింద తరచుగా అడిగే ప్రశ్నలు చేర్చాలట, పేరాలు పొట్టిగా కోయాలట, లేకపోతే యంత్రానికి మింగుడు పడదట. 1977లో వచ్చిన ఉప్పెనని మూడు నెలలకోసారి ఏమని తాజా చేస్తారు? అధికారిక లెక్కే పదివేలకి అటూ ఇటూ, అసలు సంఖ్య అంతకన్నా చాలా ఎక్కువని ఆ తీరంలో ఎవర్నడిగినా చెప్పే ఆ చావుల్లో తాజాదనం ఏముంది? చెప్పిన ముసలాయన ఇప్పుడు లేడు. ఆయన మాట మారదు. మారని మాటకి కొత్త తేదీ వెయ్యమనడం అబద్ధమాడమని చెప్పడమే. ఆ అబద్ధం ఆడినవాడి పేజీకి లింకు, ఆడనివాడికి మొండిచెయ్యి. సన్మానాలు, శాలువాలు బాగా ఎరిగిన జాతి మనది. ఈ కొత్త శాలువా ఎవరి భుజాల మీద పడుతోందో మాత్రం చూడటం లేదు.

చిన్నవాళ్లకే ఇలా జరుగుతోందనుకోకండి. జనం కబుర్లు, ప్రశ్నలు, జవాబులు రాసుకునే రెడిట్ గతి చూడండి. 2024లో గూగుల్‌తోనూ ఓపెన్‌ఏఐతోనూ విడివిడిగా ఒప్పందాలు రాసుకుని, డబ్బు తీసుకుని తన సమాచారం ఇచ్చిన కంపెనీ అది. అలాంటిది 2025 సెప్టెంబర్‌లో చాట్‌జీపీటీ జవాబుల్లో రెడిట్ లింకులు ఒక్కసారిగా బాగా తగ్గిపోయాయని ట్రాకింగ్ కంపెనీలు చెప్పాయి. ఆ వార్త పాకేసరికి అక్టోబర్ మొదట్లో షేరు ధర దబ్బున పడింది. లోపల ఏం మారిందో బయటివాళ్లు తలా ఒక ఊహ చేశారు. కాగితం మీద ఒప్పందం, వెనకాల లాయర్ల దండు ఉన్నవాళ్లకే సంగతి ముందుగా తెలియకపోతే, దివిసీమ మాస్టారికి ఎవరు చెబుతారు? రెడిట్‌కి కనీసం షేరు ధర ఉంది, పడితే లోకానికి తెలుస్తుంది.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డు ప్రశ్న వేస్తాడు. లింకు ఉన్నా ఎవరూ నొక్కరు కదా, పోతే నష్టమేంటి అంటాడు. నొక్కరన్నది నిజమే. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 మార్చిలో అమెరికాలో 900 మంది బ్రౌజింగ్ గమనించింది. గూగుల్‌లో ఏఐ సారాంశం కనిపించినప్పుడు మామూలు ఫలితాల మీద నొక్కింది 8 శాతం సార్లు, కనిపించనప్పుడు 15 శాతం. సారాంశంలో ఇచ్చిన లింకు మీద నొక్కింది 1 శాతం. వందకి ఒకటి! వికీమీడియా ఫౌండేషన్ కూడా 2025 అక్టోబర్‌లో అదే గోడు చెప్పుకుంది: వికీపీడియాకి వచ్చే మనుషుల రాక అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 8 శాతం తగ్గిందని. మనుషులు రాకపోతే రాసేవాళ్లు కూడా తగ్గుతారని వాళ్ల భయం. తెలుగు వికీపీడియాలో పైసా తీసుకోకుండా రాత్రిళ్లు కూర్చుని రాసేవాళ్లు ఎంత కొద్దిమందో తెలిసినవాళ్లకి ఆ భయం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

కానీ పెద్దమనిషి ప్రశ్నలోనే తప్పుంది. లింకుని గిరాకీ తెచ్చే దారిగానే చూస్తున్నాడు. లింకు సాక్షి కూడా. ఆ వందలో ఒక్కడు నొక్కాడనుకోండి, వాడికి ఏం కావాలి? ఇది ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, నిజంగా ఇలాగే చెప్పారా అన్నది. ఆ ఒక్కడి కోసమే లింకు. మాస్టారి పేజీ లింకు ఉండుంటే ‘కొన్ని పాఠశాలలు’ అన్న అబద్ధం ఒక్క నొక్కుతో బయటపడేది. లింకు పోయింది కాబట్టి ఆ అబద్ధం రేపు ఇంకో పేజీలోకి వెళ్తుంది, ఎల్లుండి ఏదో పిల్లల పుస్తకంలోకి, ఆ తర్వాత ఇంకో మోడల్ శిక్షణలోకి. ఆఖరికి మాస్టారి పేజీయే తప్పని ఎవరో ఆయనకే చెబుతారు.

నేను కోపంలో పెంచి చెబుతున్నానని అనుకుంటే పరిశోధకుల మాటలు వినండి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లోనే అప్పటి జవాబు యంత్రాల్ని పరీక్షించారు. యంత్రం రాసిన వాక్యాల్లో ఇచ్చిన లింకులు పూర్తిగా బలపరిచినవి 51.5 శాతమే. లింకుల వైపునుంచి చూస్తే, తాము తగిలిన వాక్యాన్ని నిజంగా సమర్థించినవి 74.5 శాతం. అంటే నాలుగు లింకుల్లో ఒకటి, నేను చూసిన హంసలదీవి పేజీలాగా, ఊరికే అలంకారం. 2025 మార్చిలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టౌ సెంటర్ ఎనిమిది ఏఐ వెతుకులాట యంత్రాలకి వార్తల్లోంచి ముక్కలిచ్చి, ఇది ఏ పత్రికది, ఏ తేదీది, లింకేది అని 1600 సార్లు అడిగింది. 60 శాతానికి పైగా తప్పు జవాబులు. అదే ఏడాది అక్టోబర్‌లో బీబీసీ, యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ కలిసి 18 దేశాల్లో చేసిన పరిశీలనలో వార్తల మీద ఏఐ చెప్పిన జవాబుల్లో 31 శాతానికి మూలాల దగ్గరే తీవ్రమైన లోపం కనిపించింది. ఈ పరీక్షలన్నీ ఒకరోజో కొన్ని వారాలో చేసినవి. ఒక పేజీని ఇవాళ చూపించి రేపు మానేయడం ఈ సంఖ్యల్లోకి రానే రాదు. అది చూడాలంటే నెలలు కాయాలి, కాసేవాడు లేడు.

నేను మాస్టారి సర్వర్ లాగ్ తెప్పించుకుని చూశాను. లాగ్ అంటే ఎవరొచ్చారు, ఏ పేజీ అడిగారు, ఎప్పుడు అన్నది వరసగా రాసుకునే ఫైలు. అబద్ధమాడదు, కనీసం ఈ విషయంలో. అందులో జీపీటీబాట్ ఉంది, అది శిక్షణ కోసం ఏరుకుపోయే బాట్. ఓఏఐ-సెర్చ్‌బాట్ ఉంది, అది వెతుకులాట సూచిక కోసం. పర్‌ప్లెక్సిటీబాట్ ఉంది. చాట్‌జీపీటీ జవాబులోంచి మనిషి నొక్కి వస్తే చిరునామా చివర చాట్‌జీపీటీ పేరు తోకలా వేలాడుతుంది. ముందు అలాంటి తోకలు అక్కడక్కడా కనిపించేవి. రానురాను ఆ తోకలు మాయమయ్యాయి. బాట్లు మాత్రం మానలేదు! అర్ధరాత్రి వచ్చి అదే పేజీ మళ్లీ మళ్లీ తీసుకుపోతున్నాయి. తీసుకుపోయేవాడికి దారి బాగానే గుర్తుంది. చిన్న సైటు ఉన్నవాళ్లందరికీ నా మాట: ఎర్ర బాణాలకి డాలర్లు పొయ్యకండి. మీ హోస్టింగ్‌వాణ్ణి అడిగి లాగ్ తీసుకుని నెలనెలా దాచుకోండి. బాట్ల రాక పెరుగుతూ మనుషుల రాక తగ్గుతుంటే, సంగతి మీకు తెలిసిపోయినట్టే.

ఈ తేడా మాస్టారి ఒక్కరి సైటుది కాదు. క్లౌడ్‌ఫ్లేర్ అధిపతి మాథ్యూ ప్రిన్స్ 2025 జూన్‌లో చెప్పిన లెక్క ఇది: గూగుల్ 18 పేజీలు చదివితే ఒక మనిషిని వెనక్కి పంపుతోంది, పదేళ్ల కిందట రెండు పేజీలకే ఒకణ్ణి పంపేది. ఓపెన్‌ఏఐ 1500 పేజీలకి ఒకణ్ణి. ఆంత్రోపిక్ 60,000కి ఒకణ్ణి. కాపలా అమ్ముకునే కంపెనీ చెప్పిన లెక్క కాబట్టి కాస్త తగ్గించి చూడమంటారా, చూడండి. సగానికి సగం కోసినా సిగ్గుపడాల్సిన సంఖ్యలే.

ఇష్టం లేకపోతే బాట్లని ఆపుకోవచ్చు కదా అంటారు. గూగుల్ విషయంలో ఆ స్వేచ్ఛ ఎంత బూటకమో చూడండి. 2023లో గూగుల్-ఎక్స్‌టెండెడ్ అని ఒక మీట ఇచ్చింది. అది నొక్కితే జెమినీ శిక్షణకి మీ పేజీ వాడుకోవద్దని అర్థం. కానీ వెతుకులాటలో పైన కనిపించే ఏఐ ఓవర్‌వ్యూస్‌కి ఆ మీటతో సంబంధం లేదు. అక్కణ్ణించి తప్పుకోవాలంటే మామూలు వెతుకులాటలో మీ పేజీ కింద కనిపించే రెండు పంక్తుల పరిచయాన్నీ వదులుకోవాలి. అంటే గూగుల్‌లో సగం చచ్చిపోవాలి. పైగా 2025 పొడుగునా గూగుల్ సైటు యజమానులకి లెక్కలు చూపించే తన సెర్చ్ కన్సోల్‌లో ఏఐ ఓవర్‌వ్యూస్ లెక్కని మామూలు లెక్కలో కలిపేసే చూపించింది, విడదీసి చూసుకునే వీలే ఇవ్వలేదు. ఈ ఓవర్‌వ్యూస్ విషయంలోనే అమెరికాలో పత్రికలు నడిపే పెన్స్కే మీడియా 2025 సెప్టెంబర్‌లో గూగుల్ మీద దావా వేసింది. డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్ విచారణ మొదలెట్టింది. మంచిదే.

మన దగ్గర? 2024 నవంబర్‌లో ఏఎన్‌ఐ వార్తా సంస్థ ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఈనాడు కూడా సభ్యత్వం ఉన్న డిజిటల్ న్యూస్ పబ్లిషర్స్ అసోసియేషన్ 2025 జనవరిలో ఆ కేసులో తలదూర్చింది. డిసెంబర్‌లో కేంద్ర పరిశ్రమల శాఖ వేసిన కమిటీ ఒక పత్రం బయట పెట్టింది: ఏఐ శిక్షణకి అందరి రచనలూ వాడుకోవచ్చు, బదులుగా రాయల్టీ కట్టాలి, దాన్ని ఒక సంస్థ వసూలు చేసి పంచుతుంది. వినడానికి బాగుంది. ఎవరి మాట ఎన్నిసార్లు వాడారో లెక్కే లేనప్పుడు ఏ ప్రాతిపదిక మీద పంచుతారు? పెద్ద పత్రికలు, పెద్ద స్టూడియోలు కుర్చీలు వేసుకుని కూర్చుంటాయి, మాస్టారి వాటా చిల్లర కింద రాలిపోతుంది. పైగా ఈ చర్చంతా శిక్షణ గురించీ డబ్బు గురించీ. పేరు గురించి మాట్లాడేవాడు ఒక్కడూ కనబడడు. మన 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ మాత్రం రచన హక్కులు అమ్ముకున్నాక కూడా ఇది నేను రాసిందే అని చెప్పుకునే హక్కు రచయితకి ఉంటుందంటోంది. వట్టి సమాచారానికి కాపీరైట్ లేదని నాకూ తెలుసు, ఉప్పెన తేదీ ఎవడబ్బ సొత్తూ కాదు. కానీ ఆ ముసలాయన మాటని మాస్టారు పట్టుకుని పెట్టిన తీరు తేదీ లాంటిది కాదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. మొదటిది, ప్రతి పేజీ యజమానికీ అతని పేజీని ఎన్ని జవాబుల్లో వాడారో, ఎన్నింటిలో లింకు చూపించారో, ఈ రెండు అంకెలూ విడివిడిగా ఇవ్వాలి. అసలు రహస్యం ఆ రెండింటి మధ్య తేడాలోనే ఉంది. రెండోది, ఒక పేజీని క్రమంగా చూపిస్తూ ఉండి మానేస్తే, మానేశామనీ ఎందుకు మానేశామనీ చెప్పాలి. మూడోది, లింకు ఇచ్చిన పేజీలో ఆ వాక్యం లేకపోతే ఫిర్యాదు చెయ్యడానికి ఒక చోటుండాలి, తెలుగులో రాసినా చదివే మనిషి అక్కడ ఉండాలి.

ఇన్ని కోట్ల పేజీలకి ఎలా కుదురుతుందని అడిగేవాళ్లకి రెండు సంగతులు. మైక్రోసాఫ్ట్ 2026 ఫిబ్రవరిలో బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో, మీ ఏ పేజీని తన ఏఐ కోపైలట్ జవాబుల్లో ఎన్నిసార్లు ఉదహరించారో చూపించే పట్టిక పెట్టింది. ఎందుకు మానేశారో అది చెప్పదు, కానీ లెక్క ఉందని తేలిపోయింది. ఇక గూగుల్ అయితే, ఫోన్‌లో చూస్తే మీ పేజీ అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయనీ, నొక్కే బటన్లు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయనీ చిన్నాచితకా సైట్ల వాళ్లకి కూడా ఏళ్ల తరబడి ఈమెయిల్స్ పంపింది. మాస్టారికీ వచ్చాయి, ఆయన భయపడి మనవడి చేత అక్షరాలు పెద్దవి చేయించారు. ముక్కూమొహం తెలియని మనిషికి అక్షరాల సైజు గురించి ఉత్తరం రాయగలిగినవాళ్లకి, ‘మీ పేరు తీసేశాం, మీ మాట వాడుకుంటున్నాం’ అని రాయడానికి చెయ్యి రావడం లేదా?